అంబర్‌లో పెంకుపురుగులు: జిగురు దాచిన సావాసాలు



ఈ ధర్మనిధి ఉపన్యాసం ఒక జంతుశాస్త్ర అధ్యాపకుడి స్మృతిలో జరుగుతోంది. ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు ముందు వరసల్లోనే కూర్చున్నారు. ఆయన గురించి వాళ్లు చెప్పగలిగినంత నేను చెప్పలేను. పరిణామం మీద మాట్లాడమని నిర్వాహకులు కోరారు, కాని కోతి నుంచి మనిషి దాకా వచ్చే బొమ్మతో మొదలుపెట్టవద్దని షరతు పెట్టారు. సంతోషంగా ఒప్పుకున్నాను. మనిషి ప్రస్తావన లేకుండానే పరిణామం గురించి ఒక సాయంత్రమంతా మాట్లాడవచ్చు. పెంకుపురుగులు చాలు.

పెంకుపురుగు అంటే మనకు చప్పున గుర్తొచ్చేవి నష్టం చేసేవే. కొబ్బరి మొవ్వు తొలిచే కొమ్ముపురుగు, బియ్యంలో ముక్కుపురుగు, పెసల డబ్బాలో పుచ్చుపురుగు. చీకట్లో మిణుకుమనే మిణుగురు కూడా పెంకుపురుగేనని, పేనుబంకను తిని పైరును కాపాడే అక్షింతల పురుగు కూడా ఆ వంశమేనని చెబితే చాలామంది ఆశ్చర్యపోతారు. ముందు రెక్కలు రెండూ గట్టిపడి డొప్పల్లా మారి, ఎగరడానికి పనికొచ్చే వెనక రెక్కలను, మెత్తని పొట్టను కప్పి ఉంచడం వీటన్నిటి గుర్తు. ఇంతవరకు శాస్త్రజ్ఞులు పేరు పెట్టినవే దాదాపు 4 లక్షల జాతులు. పేరు పెట్టిన జంతుజాతులన్నిటినీ వరసగా నిలబెడితే ప్రతి నాలుగింటిలో ఒకటి పెంకుపురుగే.

సృష్టిని ఇంతకాలం పరిశీలించారు కదా, సృష్టికర్త గురించి ఏం తెలిసింది అని అడిగిన మతాచార్యులకు, ఆయనకు పెంకుపురుగులంటే మహా మోజని తెలిసిందని జన్యుశాస్త్రజ్ఞుడు జె.బి.ఎస్. హాల్డేన్ జవాబిచ్చాడని చెప్పుకుంటారు. ఎక్కడ అన్నాడు, ఎవరితో అన్నాడు అన్నదానికి రకరకాల కథలున్నాయి. ఆయన మనకు మరీ పరాయివాడు కాడు. 1957లో ఇంగ్లండు వదిలి కలకత్తాలోని భారత గణాంక సంస్థకు వచ్చాడు, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. ఆయనకు శిష్యుడై, తరవాత ఆయన జీవితం మీద పుస్తకాలు రాసిన ద్రోణంరాజు కృష్ణ మన పిఠాపురంలో పుట్టినవారే. హాల్డేన్ మాట చమత్కారమే కావచ్చు, దాని వెనక ప్రశ్న మాత్రం చమత్కారం కాదు. ఇన్ని పెంకుపురుగులు ఎందుకున్నాయి?

జవాబులు చాలా వచ్చాయి. డొప్ప రెక్కల వల్ల బెరడు కిందా మట్టిలోనూ దూరగలిగాయి, అందుకే విస్తరించాయన్నది పాత వాదన. పూలమొక్కలు పెరిగినకొద్దీ వాటిని తినే పెంకుపురుగులు కొత్త జాతులుగా చీలిపోయాయని 1998లో బ్రయన్ ఫారెల్ వాదించారు. 2007లో వచ్చిన మరో పెద్ద జన్యు అధ్యయనం ఇంకోలా చెప్పింది: వీటి పాత వంశాలు చాలావరకు అంతరించిపోకుండా మిగిలాయి, కొత్తవి వేగంగా పుట్టడం కంటే పాతవి చావకపోవడమే అసలు రహస్యం. 2019లో డ్వేన్ మెకెన్నా బృందం మరో ముక్క కలిపింది. మొక్కల కణగోడలను అరిగించే ఎంజైముల జన్యువులను ఈ పురుగుల పూర్వీకులు బాక్టీరియా నుంచి, శిలీంధ్రాల నుంచి సంపాదించుకున్నాయని చూపింది.

ఇవన్నీ ఇవాళ బతికున్న పురుగుల జన్యువులను చదివి వెనక్కి లెక్కకట్టిన కథలు. ఎవరికెవరు చుట్టాలో జన్యువు చెబుతుంది. ఆ పూర్వీకులు ఎవరి పంచన బతికాయో, ఏం తిన్నాయో, ఎవరి ఇంట్లో దూరాయో చెప్పదు. రాయిలో దొరికే శిలాజమూ అంతే. గోదావరి లోయలో కోట సున్నపురాళ్లలో జురాసిక్ కాలపు చేపలతో పాటు పురుగుల అవశేషాలు కూడా దొరికాయి. అక్కడ మనకు మిగిలేది చదునైపోయిన రెక్క. అంబర్ ఒక్కటే పురుగును దాని సావాసంతో సహా పట్టిస్తుంది. మీద అంటిన పుప్పొడి, పక్కన పడిన ఈక, పొట్ట మొదట్లోని వెంట్రుకల కుచ్చు, అన్నీ ఉంటాయి. పరిణామాన్ని ఒక్కో జీవి సొంత ప్రతిభగా చూసే అలవాటు మనకుంది. అంబర్‌లోని పెంకుపురుగులను చూశాక నాకు ఆ అలవాటు వదిలింది. ఎవరితో బతికింది అన్నదే పురుగు ఒంటిని మలిచిందన్నది నా పక్షం. ఈ సాయంత్రం చెప్పేదంతా ఆ పక్షానికి సాక్ష్యం.

అంబర్ ఎలా తయారవుతుందో క్లుప్తంగా చెప్పుకుందాం. చెట్టుకు గాయమైనప్పుడో, పురుగు తొలిచినప్పుడో బెరడులోంచి జిగురు కారుతుంది. తుమ్మబంక లాంటివి నీళ్లలో కరిగిపోతాయి, అవి పనికిరావు. మనం ధూపం వేసే గుగ్గిలం లాంటి జిగురు కావాలి. అది నీటిలో కరగదు, గాలి తగిలితే గట్టిపడుతుంది. దాని మీద వాలిన పురుగు చిక్కుకుంటుంది, పైన మరో ధార కారితే పూర్తిగా మునిగిపోతుంది. ఆ ముద్ద నేలరాలి, వాగుల్లో కొట్టుకుపోయి, ఒండ్రు కింద పూడిపోయి, ఆవిరయ్యేవి ఆవిరై, మిగిలిన అణువులు ఒకదానితో ఒకటి గొలుసులుగా ముడిపడి లక్షల, కోట్ల ఏళ్లకు అంబర్ అవుతుంది. చిక్కటి ఉప్పునీటిలో తేలేటంత తేలిక. బాల్టిక్ సముద్రంలో తుఫాను వచ్చినప్పుడు ఒడ్డుకు కొట్టుకొస్తుంది. లోపలి పురుగు చూడటానికి నిన్న చచ్చినట్లుంటుంది గాని, చాలాసార్లు అక్కడ ఉన్నది ఖాళీయే. ఒంటి పైపొర అచ్చు, దానికి అంటుకున్న పల్చటి బొగ్గు పొర, లోపల శూన్యం. మైక్రో సీటీ స్కాన్ వచ్చాక ఆ శూన్యంలో కూడా అక్కడక్కడ కండరాలు, గ్రంథులు మిగిలాయని తెలిసింది.

అంబర్ పక్షపాతి. ఈ మాట ముందే చెప్పాలి, లేకపోతే తరవాత చెప్పేవన్నీ అతిగా అనిపిస్తాయి. చిన్న పురుగు చిక్కుతుంది, పెద్దది పెనుగులాడి తప్పించుకుంటుంది. చెట్టు మొదలు మీద తిరిగేవి ఎక్కువ, మైదానాల్లో తిరిగేవి తక్కువ. మడగాస్కర్‌లో ఇవాళ్టి జిగురు చెట్ల దగ్గర రకరకాల ఉచ్చులు పెట్టి పోల్చి చూసిన బృందం 2018లో ఇదే తేల్చింది: జిగురులో పడేది అడవి మొత్తం కాదు, చెట్టు మొదలు చుట్టూ ఉండే లోకం. కాలం విషయంలోనూ కొరత ఉంది. తొలి పెంకుపురుగు శిలాజాలు పెర్మియన్ యుగానివి, జర్మనీలో దొరికిన కోలియాప్సిస్ వయసు దాదాపు 29.5 కోట్ల ఏళ్లు. పురుగులు విరివిగా దొరికే తొలి అంబర్ లెబనాన్‌ది. దాని వయసు 13 కోట్ల ఏళ్ల లోపే. అంటే సగానికి పైగా చరిత్ర గడిచిపోయాక మన కెమెరా తెరుచుకుంది. అంతకు ముందటి కాలానికి అంబర్‌ను మించిన సాక్షి కూడా ఉంది, వింటే నవ్వొస్తుంది. పోలండ్‌లో దొరికిన 23 కోట్ల ఏళ్ల నాటి పేడలో, డైనోసార్ల దగ్గరి చుట్టం వేసిన పేడలో, కాళ్లూ స్పర్శకాలూ ఊడకుండా చిన్న చిన్న పెంకుపురుగులు కనబడ్డాయి. 2021లో వాటికి ట్రయామిక్సా అని పేరు పెట్టారు. పేడ కూడా చరిత్రను భద్రంగానే దాస్తుంది.

ఇప్పుడు బర్మాకు వెళదాం. కచిన్ రాష్ట్రంలోని హుకాంగ్ లోయలో దొరికే అంబర్‌ను 1890లలో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన ఫ్రిట్జ్ నోట్లింగ్ పరిశీలించి రాశాడు. బర్మా అప్పుడు బ్రిటిష్ ఇండియాలో భాగం. 1916 నుంచి అమెరికాలోని కోకరెల్ అందులోని పురుగులను వర్ణించాడు. అది ఎంత పాతదో సరిగ్గా తేలింది 2012లో. అగ్నిపర్వతపు బూడిదతో వచ్చిన జిర్కాన్ రేణువుల్లో యురేనియం సీసంగా మారిన లెక్క కట్టి 9.9 కోట్ల ఏళ్లన్నారు. క్రెటేషియస్ యుగం నడిమి కాలం. డైనోసార్లు తిరుగుతున్నాయి, పూలమొక్కలు అప్పుడప్పుడే విజృంభిస్తున్నాయి.

ఆ విజృంభణ డార్విన్‌ను కలవరపెట్టింది. పూలమొక్కలు శిలాజాల్లో ఒక్కసారిగా ఊడిపడ్డట్లు కనిపించడం తనకు అంతుబట్టని విషయమని 1879లో మిత్రుడు హుకర్‌కు జాబు రాశాడు. పూవును, దాని దగ్గరికి వచ్చే పురుగును విడివిడిగా చూస్తే ఆ విషయం ఎప్పటికీ తేలదు. రెండూ ఒకేచోట దొరకాలి. 2019లో బావో తోంగ్, వాంగ్ బో, డేవిడ్ డిల్చర్ తదితరులు బర్మా అంబర్‌లో ఒక గూని పురుగును చూపించారు. పేరు ఆంజిమోర్డెల్లా. పూలమీద దొర్లుతూ గెంతే పురుగుల కుటుంబం. దాని ఒంటి మీద 62 పుప్పొడి రేణువులు లెక్కకు వచ్చాయి. మూడు చాళ్లున్న ఆ రేణువులు నిజమైన పూలమొక్కవి, గాలికి ఎగిరేవి కావు, అంటుకునేలా తయారైనవి. పూలమొక్కల పుప్పొడిని పురుగు మోసిందన్న ప్రత్యక్ష సాక్ష్యం దీంతో ఒక్క గెంతులో దాదాపు 5 కోట్ల ఏళ్లు వెనక్కి జరిగింది. రెండేళ్ల తరవాత పెల్‌రెటెస్ అనే మరో చిన్న పురుగు, పక్కనే పుప్పొడితో నిండిన తన మలంతో సహా దొరికింది. పుప్పొడి కేవలం అంటుకోలేదు, అది తిన్నదని తేల్చడానికి ఇంతకంటే ఏం కావాలి?

నాకు ఇంతకంటే ఆసక్తి కలిగించేవి పూలు లేని మొక్కలతో స్నేహం చేసిన పురుగులు. 2018లో చెన్యాంగ్ కాయ్ బృందం వర్ణించిన క్రెటోపారాకుకుజస్ సైకడోఫిలస్ బర్మా అంబర్‌లోనే దొరికింది. దాని పక్కన సైకడ్ అనే పూలులేని మొక్కల పుప్పొడి ఉంది. దవడల దగ్గర పుప్పొడి మోయడానికి పనికొచ్చే గుంటలున్నాయి. దాని దగ్గరి చుట్టం ఇవాళ ఆస్ట్రేలియాలో బతుకుతోంది, అక్కడి సైకడ్ మొక్కకు పరాగసంపర్కం చేస్తోంది. అదే పని, అదే కుటుంబం. సైకడ్‌లు గాలి మీద ఆధారపడతాయని ఒకప్పుడు పాఠాల్లో చెప్పేవారు. స్పెయిన్ అంబర్‌లో దొరికిన 10.5 కోట్ల ఏళ్ల నాటి డార్వినైలస్ కూడా పూలులేని మొక్కల పుప్పొడిని ఒంటినిండా పులుముకుని ఉంది. అంటే పూవు వచ్చి పురుగుకు పుప్పొడి మోయడం నేర్పలేదు. ఆ వృత్తి ముందే ఉంది. పూవు ఆ పనివాళ్లను తనవైపు తిప్పుకుంది. డార్వినైలస్ కుటుంబపు పురుగులు ఇవాళ పూలమీదే ఉంటాయి. పాత కొలువు పోయింది, కొత్త కొలువు దొరికింది.

ఈ పాత కొలువు మన దగ్గర ఏమైందో చూడాలని ఉంటే శేషాచలం కొండలున్నాయి. ప్రపంచంలో మన తూర్పు కనుమల్లో మాత్రమే పెరిగే సైకస్ బెడ్డోమి అక్కడ ఉంది, అంతర్జాతీయ వాణిజ్యాన్ని నిషేధించిన మొక్కల జాబితాలోకి ఎక్కింది. దాని శంకువుల చుట్టూ ఏ పురుగులు తిరుగుతాయో పరిశీలించే పని తిరుపతి విద్యార్థులకు చేతికందే దూరంలో ఉంది. ఇక పశ్చిమ గోదావరి పామాయిల్ రైతులకు పరాగసంపర్కంలో పెంకుపురుగు విలువ ఎవరూ చెప్పక్కర్లేదు. పామాయిల్ గెల నిండుగా గింజ కట్టాలంటే ఆఫ్రికా నుంచి తెచ్చిన ఒక చిన్న ముక్కుపురుగు కావాలి. 1981లో దాన్ని మలేషియా తోటల్లో వదిలారు, తరవాత మన దేశానికీ తెచ్చారు. ముక్కుపురుగును చూసి మందు డబ్బా వెతుక్కునే రైతు ఈ ఒక్క ముక్కుపురుగును మాత్రం కాపాడుకుంటాడు.

ఇక నేను అసలు చెప్పదలుచుకున్న పురుగు. అది బర్మాది కాదు, మన దేశానిదే. గుజరాత్‌లో సూరత్ జిల్లా వస్తాన్, తడకేశ్వర్ లిగ్నైట్ గనుల్లో బొగ్గు పొరల మధ్య అంబర్ దొరుకుతుంది. శాస్త్రజ్ఞులు కాంబే అంబర్ అంటారు. వయసు 5 కోట్ల ఏళ్ల పైమాటే. ఆ అంబర్‌ను కార్చిన చెట్లు గుగ్గిలం కుటుంబానివని రసాయన పరీక్షలు చెప్పాయి. ఉత్తరాంధ్ర అంచుల్లోని సాలవృక్షం, శేషాచలంలోని జాలారి ఆ కుటుంబానివే. ఈ జిగురు బాల్టిక్ అంబర్ అంతగా గట్టి గొలుసులు కట్టలేదు. టోల్యూయిన్ లాంటి ద్రావకంలో వేస్తే కరిగిపోతుంది. కాళ్లూ వెంట్రుకలూ చెడకుండా 5 కోట్ల ఏళ్ల నాటి పురుగును బయటికి తీసి సూక్ష్మదర్శిని కింద పెట్టవచ్చు. ఇంకే ప్రసిద్ధ అంబర్‌కూ ఇంత సులువుగా సాధ్యం కాని పని ఇది.

2010లో జెస్ రస్ట్, లక్నో బీర్బల్ సాహ్ని సంస్థకు చెందిన హుకం సింగ్, గఢ్వాల్ విశ్వవిద్యాలయానికి చెందిన రాణా, అమెరికాకు చెందిన ఎంగెల్, గ్రిమాల్డి కలిసి ఈ అంబర్ పురుగుల గురించి ప్రకటించారు. భారత భూఖండం గోండ్వానా నుంచి తెగిపోయి కోట్ల ఏళ్లు ఒంటరిగా తేలుతూ వచ్చి ఆసియాను గుద్దుకుందని చదువుకున్నాం. అంత ఒంటరితనం నిజమైతే ఇక్కడి పురుగులు ఇంకెక్కడా లేనివై ఉండాలి. కాని దొరికినవాటిలో చాలావాటికి ఐరోపాలో, ఆసియాలో, అమెరికాల్లో చుట్టాలున్నాయి. మధ్యలో దీవులున్నాయో, ఢీకొనడం అనుకున్నదానికంటే ముందే మొదలైందో, మొత్తానికి రాకపోకలు మాత్రం ఆగలేదు.

ఆ అంబర్‌లోనే ప్రోటోక్లావిజర్ ట్రైకోడెన్స్ దొరికింది. 2014లో జోసెఫ్ పార్కర్, డేవిడ్ గ్రిమాల్డి దాన్ని వర్ణించారు. చీమల పుట్టలో పాము చేరుతుందని మనం చెప్పుకుంటాం. నిజానికి చీమల గూళ్లలో చేరే పరాయివాళ్లలో పామును మించినవి పెంకుపురుగులు. వాటిలో క్లావిజర్ వర్గానిది అందరికంటే పైచేయి. ఇవాళ దాదాపు 370 జాతులున్నాయి, ఒక్కొక్కటి రెండు మూడు మిల్లీమీటర్లకు మించదు. ఇది పిలవని పేరంటానికి వెళ్లి, ఇంటివాళ్ల చేతే అన్నం కలిపించుకుని తినే రకం. పొట్ట మొదట్లో వెంట్రుకల కుచ్చులుంటాయి, వాటి దగ్గర గ్రంథుల నుంచి ఒక స్రావం వస్తుంది. చీమలు దాన్ని నాకి మురిసిపోతాయి. అతిథిని తమ పిల్లను మోసినట్లు నోట కరుచుకుని గూటి లోపలికి తీసుకుపోతాయి. నోటిలోని ఆహారాన్ని దాని నోటికి అందిస్తాయి. పెట్టినదంతా తిని, అది చాలక ఆ అతిథి చీమల గుడ్లను, పిల్లలను కూడా తింటుంది.

ఇలాంటి బతుకు ఒంటిని ఎంత మార్చిందో చూడండి. ఒకరు నోట్లో పెట్టే తిండికి అలవాటుపడ్డాక నోటి భాగాలు కుంచించుకుపోయాయి. స్పర్శకాల కణుపులు తగ్గిపోయాయి. పొట్ట పైభాగంలో విడివిడిగా ఉండవలసిన పలకలు ఏకమై ఒకే పెద్ద కవచమయ్యాయి. చీమలు పట్టి మోసేటప్పుడు నలగకుండా ఉండటానికి అది పనికొస్తుందని ఒక ఊహ. ఇవాళ్టి క్లావిజర్‌లను మాత్రమే చూస్తే ఈ మార్పులన్నీ ఒకేసారి వచ్చాయా, ఏది ముందు ఏది వెనక అన్నది ఎవరూ చెప్పలేరు. గుజరాత్ పురుగు చెప్పింది. దానికి కుచ్చులున్నాయి. కాని పొట్ట మీది పలకలు ఇంకా విడివిడిగానే ఉన్నాయి. లంచం ముందు వచ్చింది, కవచం తరవాత వచ్చింది. చీమల మధ్య చోటు సంపాదించుకున్నాకే, ఆ చోటులో నిలదొక్కుకోవడానికి కావలసిన ఒళ్లు తయారైంది.

పత్రికలవాళ్లకు ఇష్టమైన తప్పిపోయిన లంకె అన్న మాట నేను వాడను. అది వంశవృక్షంలో ఖాళీ గది ఉందని, దానిలో ఒక్క శిలాజాన్ని కూర్చోబెడితే పని అయిపోతుందని భ్రమ కలిగిస్తుంది. ప్రోటోక్లావిజర్ ఇవాళ్టి జాతుల తాత కాకపోవచ్చు, తాతకు తమ్ముడు కావచ్చు. దాని విలువ బంధుత్వంలో కంటే మార్పుల వరసను చూపడంలో ఉంది.

ఇంకొక మాట, ఆ కాలపు చీమల గురించి. క్రెటేషియస్ అంబర్‌లో చీమలు అరుదు, నూటికి ఒకటో రెండో, అంతే. 5 కోట్ల ఏళ్ల నాటికి, అంటే గుజరాత్ అంబర్ కాలానికి, నేటి చీమల వంశాలు పుంజుకుంటున్నాయి. డొమినికన్ అంబర్‌కు వచ్చేసరికి, అది 1.5 నుంచి 2 కోట్ల ఏళ్ల నాటిది, చీమలు ఎటు చూసినా కనబడతాయి. క్లావిజర్ వర్గం కూడా అదే దారిలో, చీమలతో పాటే విస్తరించిందని పార్కర్, గ్రిమాల్డి అంటారు. ఇల్లు పెద్దదయినకొద్దీ చుట్టాలు పెరిగారు.

దీనికి ఎదురు సాక్ష్యంగా బర్మా అంబర్‌లో మరో అతిథి ఉంది. ప్రోమిర్మిస్టర్ అనే పురుగు, 2019లో వర్ణించారు. అది చీమల గూళ్లలో బతకడానికి తగ్గ ఒంటితో 9.9 కోట్ల ఏళ్ల క్రితమే ఉంది. అప్పటి చీమలు నేటి చీమల పూర్వీకులైనా కావు, తరవాత అంతరించిపోయిన పక్క వంశాలవి. ఆతిథ్యమిచ్చిన ఇల్లు కూలిపోయింది. అతిథి వంశం మాత్రం మరో ఇల్లు వెతుక్కుని ఇవాళ్టిదాకా వచ్చింది. ఆధారపడి బతికేవాడు ఆధారంతో పాటే పోతాడన్న సూత్రం ఇక్కడ చెల్లలేదు. పెంకుపురుగుల పాత వంశాలు ఎందుకు చావలేదో 2007 నాటి జన్యు అధ్యయనం చెప్పలేకపోయింది. ఇలా ఇల్లు మార్చే నేర్పులో దానికి కొంత జవాబు ఉందనుకుంటాను.

మిగిలిన సావాసాలను తొందరగా చూసి ముందుకు పోదాం. స్పెయిన్‌లో తెరువెల్ దగ్గరి 10.5 కోట్ల ఏళ్ల అంబర్‌లో ఈకల తునకలు, వాటిని అంటుకుని పురుగు పిల్లలు విడిచిన కుబుసాలు దొరికాయి. ఈకలు రాల్చింది ఏదో డైనోసార్, లేదా తొలి పక్షి. 2023లో పెన్యాల్వెర్, పెరెస్ దె లా ఫుయెంతె బృందం ఇది గూటిలో సహవాసమని వివరించింది. ఆ పురుగులు డెర్మెస్టిడ్ కుటుంబానివి. మ్యూజియంలలో, కాలేజీ ప్రయోగశాలల్లో ఎండబెట్టి దాచిన పురుగుల పెట్టెలను పొడిపొడి చేసేవి ఈ కుటుంబపువే. మ్యూజియంవాళ్లు ఎముకల మీది మాంసం తీయడానికి పెంచుకునేవీ ఈ కుటుంబపువే. మిణుగురుల సంగతికి వస్తే, 2021లో వర్ణించిన, వాటి చుట్టమైన క్రెటోఫెంగోడెస్ పొట్ట చివర వెలుగునిచ్చే అవయవం 9.9 కోట్ల ఏళ్ల తరవాత కూడా గుర్తుపట్టేలా ఉంది. మిణుగురు కుటుంబపు పురుగు కూడా బర్మా అంబర్‌లో ఉంది. వెలుగు మొదట శత్రువుకు హెచ్చరికగా పుట్టి, తరవాత జోడీని పిలిచే సైగ అయిందన్నది ఎక్కువమంది ఒప్పుకునే వాదన.

అంబర్ పేరెత్తితే జురాసిక్ పార్క్ సినిమా తప్పదు. ఆ సినిమా 1993 జూన్ 11న అమెరికాలో విడుదలైంది. దానికి ముందురోజే నేచర్ పత్రికలో ఒక వ్యాసం వచ్చింది: 12 నుంచి 13.5 కోట్ల ఏళ్ల నాటి లెబనాన్ అంబర్‌లోని పురుగు నుంచి డీఎన్‌ఏ తీశామని. సినిమాలో దోమ, వ్యాసంలో ముక్కుపురుగు. నాలుగేళ్లలోనే మరో బృందం అంబర్ పురుగుల మీద ఆ ప్రయత్నం మళ్లీ చేసింది, ఏమీ రాలేదు. 2013లో పూర్తిగా అంబర్ కూడా కాని, ఇటీవలి కాలపు జిగురులోని తేనెటీగల నుంచి కూడా డీఎన్‌ఏ రాలేదు. బయటి మలినమే ఆ వరసల్లోకి వచ్చిందన్నది ఇప్పుడు సాధారణాభిప్రాయం. నాకు దీని గురించి విచారం లేదు. డీఎన్‌ఏ దొరికి ఉంటే మనం పుప్పొడి రేణువులను లెక్కపెట్టేవాళ్లం కాదు.

విచారించవలసింది వేరే ఉంది. బర్మా అంబర్ ఇంతలా వెలుగులోకి వచ్చింది చైనా యునాన్‌లోని టెంగ్‌చోంగ్ బజారు వల్ల. కచిన్ కొండల్లో ఇరుకు గోతుల్లోకి దిగి తవ్వినవాళ్లు వేరు, దాన్ని అమ్ముకున్నవాళ్లు వేరు, దాని మీద పేరు తెచ్చుకున్నవాళ్లు వేరు. 2017లో బర్మా సైన్యం ఆ గనుల ప్రాంతాన్ని తన అదుపులోకి తీసుకుంది. ఆ తరవాత కొన్న అంబర్ మీద వ్యాసాలు ప్రచురించవద్దని 2020లో వెన్నెముక జీవుల శిలాజ శాస్త్రజ్ఞుల సంఘం పత్రికలను కోరింది. పురుగుల శాస్త్రజ్ఞులలో కొందరు ఒప్పుకున్నారు, కొందరు ఒప్పుకోలేదు. నేను ఒప్పుకునేవాళ్ల పక్షం. ఇప్పటికే మ్యూజియంలలో ఉన్నవాటిని చదవడానికే ఒక తరం పడుతుంది. ఆన్‌లైన్‌లో పురుగున్న అంబర్ లాకెట్ చూసి ముచ్చటపడే మీకు కూడా అదే చెబుతాను: కొనకండి. కొన్ని ప్లాస్టిక్, మిగతావాటి వెనక ఏముందో మీకు తెలియదు.

అందుకే గుజరాత్ అంబర్‌కు ఇవాళ ఇంత ప్రాముఖ్యం. అది మన నేలలో, మన చట్టం కింద, ఎవరి రక్తమూ అంటకుండా దొరుకుతుంది. కాని లిగ్నైట్ గని అంబర్ కోసం తవ్వింది కాదు. తవ్విన బొగ్గు విద్యుత్ కేంద్రాల బాయిలర్లకు పోతుంది, ఎవరూ ఏరని అంబర్ దానితో పాటే కాలిపోతుంది. గని అంచు జరిగినకొద్దీ కొత్త పొర తెరుచుకుంటుంది, పాతది మట్టి కిందికి పోతుంది. ఏరేవాళ్లు సమయానికి అక్కడ ఉండాలి, ఏరినదాన్ని చూసి ఇది ఫలానా కుటుంబం అని చెప్పగలిగేవాళ్లు ఉండాలి. మొదటి పని లక్నో సంస్థ, మరికొందరు చేస్తున్నారు. రెండో పనికి మన దేశంలో మనుషులు చాలరు. గుజరాత్ అంబర్‌లోని క్లావిజర్‌ను గుర్తుపట్టినవాళ్లు న్యూయార్క్‌వాళ్లు.

జంతుశాస్త్రం చదువుతున్న విద్యార్థులను అడిగేది ఇదే. పెంకుపురుగుల వర్గీకరణ నేర్చుకోండి. మార్కులు రావని, ఉద్యోగం రాదని చెప్పేవాళ్లు చెబుతారు. మీ కాలేజీలో మూలపడ్డ పురుగుల పెట్టెలు తెరిచి, చీటీలు చదివి, డెర్మెస్టిడ్‌లు తినకముందే వాటి ఫోటోలు తీసి పెట్టండి. బతికున్న జాలారి జిగురులో ఇవాళ ఏమేం చిక్కుతున్నాయో అటవీశాఖ అనుమతి తీసుకుని చూడండి. అది చూసినవాడికే 5 కోట్ల ఏళ్ల నాటి గుగ్గిలంలో ఏముందో తెలుస్తుంది. అధ్యాపకులను కోరేది, వచ్చే ఏడాది ఈ వేదిక మీద ఉపన్యాసంతో పాటు అలా పనిచేసిన ఒక విద్యార్థి చేత పది నిమిషాలు మాట్లాడించండి. ధర్మనిధిలో అందుకు ఖర్చు పెట్టడానికి వీలుందని నిర్వాహకులు నాతో అన్నారు.